కాలి ధమనిలో పూడిక: బెలూనా, బైపాసా?

నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గే నొప్పికి మొదటి వైద్యం ఈ రెండూ కావు. పొగ మానడం, రోజూ నడక, మందులు. వాటికి లొంగకపోతేనో, పాదంలో పుండు మానకపోతేనో ఈ ప్రశ్న వస్తుంది.

బెలూన్, స్టెంట్ (పూడిన చోట బెలూన్ ఉబ్బించి నాళాన్ని తెరవడం, అది మూసుకోకుండా సన్నటి జాలీ గొట్టం పెట్టడం): గజ్జలో చిన్న రంధ్రం, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి.
బైపాస్ (సొంత సిరతోనో, కృత్రిమ గొట్టంతోనో పూడికను దాటించి రక్తానికి కొత్త దారి వేయడం): పెద్ద కోత, మత్తు, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు.

ఖర్చు మొదట బెలూన్‌కే తక్కువ అనిపిస్తుంది. కానీ నాళం మళ్లీ పూడుకుపోయే అవకాశం దానికే ఎక్కువ. రెండోసారి బిల్లునూ లెక్క వేసుకోండి. బైపాస్ మన్నిక మాత్రం సిరను బట్టి ఉంటుంది: మోకాలి కింద కృత్రిమ గొట్టం కంటే సొంత సిరే నయం.

చిన్న పూడిక, బలహీనమైన గుండె అయితే బెలూన్. పొడవాటి పూడిక, మంచి సిర, ఆపరేషన్‌ను తట్టుకునే ఒళ్లు ఉంటే బైపాస్. కాలు హఠాత్తుగా చల్లబడి పాలిపోతే పోలికలు మాని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.