పర్లాకిమిడిలో జన సేవా కేంద్రం: కుర్రాడికి నాలుగు స్టార్లు, సిస్టమ్‌కి రెండే

మా అమ్మాయి స్కాలర్‌షిప్‌కి ఇన్‌కం సర్టిఫికెట్ కావాలంటే ఒడిశాలోని పర్లాకిమిడిలో, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టిపెట్టే ఓ జన సేవా కేంద్రానికి వెళ్లాం. మిగతాది ఎలా ఉన్నా, అక్కడ కూర్చున్న కుర్రాడు మాత్రం బంగారం. తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పాడు, ఫారం తనే నింపాడు, గోడకి అంటించిన రేటే తీసుకున్నాడు, జిరాక్సులకి వేరే.

గొడవంతా పేరు దగ్గరొచ్చింది. మనకి ఇంటిపేరు ముందుంటుంది, ఫారంలోనేమో ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్ అని మూడు గళ్లు. మా ఆయనకి ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరమే, భూమి పట్టాలో ఒడియాలో పూర్తిగా చివర రాశారు, పైగా ఒడియా లిపిలో ఎ-ఏ, ఒ-ఓ తేడా ఉండదు కాబట్టి అది ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఇంకెవరి పేరో అయిపోయింది. కంప్యూటర్ లెక్కలో వీళ్లు ఇద్దరు మనుషులు. పాత గుమాస్తా అయితే "ఫలానా వాళ్లబ్బాయివే కదా" అని ముద్ర కొట్టేవాడు (చేతిలో ఏం పెట్టాలో అది వేరే సంగతి, దానికోసం ఆ రోజులు మళ్లీ రావాలని నేననను). చివరికి రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ రాయించి జత చేశాం.

తర్వాత ఓటీపీ. ఆధార్‌కి లింకైన నంబరు ఆంధ్రా వైపు పాతపట్నంలో మరిది దగ్గరుంది, ఆయన ఫోనెత్తేలోపు టైం అయిపోతుంది, మళ్లీ మొదటికి. పక్కన ఓ ముసలామెకి వేలిముద్ర పడనే లేదు, జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్లు అరిగిపోయాయి పాపం.

ఆన్‌లైన్‌లో పెట్టాం కదా అనుకుంటే విచారణకొచ్చినాయన అవే కాగితాలు మళ్లీ జిరాక్స్ ఇమ్మన్నాడు. మరి అప్‌లోడ్ చేసినవి ఎవరు చూస్తున్నట్టు? పాతపట్నం వాళ్లకి 2025 జనవరి నుంచి ఆంధ్రా ప్రభుత్వం వాట్సాప్ సేవ మన మిత్ర ఉంది, మొదట్లోనే 161 సేవలు అందులో పెట్టారు. అక్కడా పేర్లు కలవకపోతే తిప్పలే అని మరిదే అంటాడు.

ఒడిశాలో 2012 నుంచి సేవల హక్కు చట్టం ఉంది, గడువు దాటితే అప్పీలు చేసుకోవచ్చు, రసీదు మాత్రం పారేయకండి. మాకు సర్టిఫికెట్ గడువులోనే డిజిటల్ సంతకంతో వచ్చింది. కాలేజీలో దాని మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం కూడా పెట్టించుకు రమ్మన్నారు.

వెళ్లేవాళ్లు ఆధార్‌లో ఏ నంబరుందో ముందే చూసుకోండి, పొద్దున్నే వెళ్లండి, భోజనాల తర్వాత సర్వర్ మొరాయిస్తుంది.