జమీందారీ, రైత్వారీ: మద్రాసు ఖజానాకు ఏది మేలు చేసింది?

మద్రాసు ప్రెసిడెన్సీ ఆదాయంలో పెద్ద వాటా భూమి శిస్తుదే. దాన్ని రాబట్టడానికి ఈస్టిండియా కంపెనీ దొరలు తెలుగు నేల మీదే రెండు దారులు పట్టారు.

ఉత్తర సర్కారుల్లో (ప్రధానంగా కోస్తా ఆంధ్రలో) 1802 నుంచి జమీందారీ పద్ధతి. జమీందారు ఏటా సర్కారుకు కట్టాల్సిన పేష్కషు (శిస్తు మొత్తం) శాశ్వతంగా ఖరారైంది. లెక్క వేయడం తేలిక, సిబ్బంది ఖర్చు తక్కువ. కానీ సాగు పెరిగినా, ధరలు పెరిగినా ఖజానాకు ఒక్క రూపాయి అదనంగా రాదు. పేష్కషు బాకీ పడితే జమీందారీని వేలం వేసేవారు.

దత్త మండలాల్లో (నేటి రాయలసీమ, బళ్లారి ప్రాంతంలో) కంపెనీ అధికారి థామస్ మన్రో నడిపింది రైత్వారీ. మధ్యవర్తి లేడు, ప్రతి రైతు పేరునా పట్టా ఉంటుంది. ఏటా జమాబందీ (శిస్తు లెక్క తేల్చడం), పొలం పొలానికీ కొలతలు, ఊరి కరణం లెక్కలు... ఇంత పనికి ఖర్చూ ఎక్కువే. అయినా సాగు పెరిగితే ఆదాయమూ పెరుగుతుంది. తర్వాతి రోజుల్లో 30 ఏళ్లకోసారి రేట్లు తిరగరాసే వీలు కూడా సర్కారుకు దక్కింది. బడ్జెట్ కోణంలో చూస్తే ఇదే గట్టిది.

రైతు వైపు నుంచి చూస్తేనే నాకు బాధ. శిస్తు మరీ ఎక్కువైందని, నాలుగో వంతు తగ్గించాలని 1807లో మన్రోనే సిఫారసు చేశాడు. కంపెనీ వెంటనే ఒప్పుకోలేదు. జమీందారీలో రైతు నలిగింది జమీందారు చేతిలో. రైత్వారీలో నేరుగా సర్కారు చేతిలోనే. 1832-33లో గుంటూరు సీమ డొక్కల కరువుతో ఖాళీ అయిపోయింది. అది జమీందారీ ప్రాంతమే, అంటే ఆ పద్ధతీ రైతును కాపాడలేదు.