సీనియర్ హోదానా, పూర్తిగా తప్పుకోవడమా? అమెరికా ఫెడరల్ జడ్జికి ఏది మేలు?

మన హైకోర్టు జడ్జి 62 ఏళ్లు నిండాయంటే దిగిపోవాల్సిందే. అమెరికాలో కేసులు విచారించే ఫెడరల్ డిస్ట్రిక్ట్ జడ్జికి రిటైర్మెంట్ వయసంటూ లేదు. 65 ఏళ్లు దాటాక వయసూ సర్వీసూ కలిపి 80 అయితే మూడు దారులుంటాయి. ఇప్పుడున్నట్టే కొనసాగవచ్చు, జడ్జిగానే ఉంటూ పని తగ్గించుకునే 'సీనియర్' హోదా తీసుకోవచ్చు, పూర్తిగా తప్పుకోవచ్చు. 70 ఏళ్లవాళ్లకైతే 10 ఏళ్ల సర్వీసు చాలు.

మూడింటిలోనూ జీతం ఆగదు. అంటే, అర్హత వచ్చాక కూడా మునుపటిలా అన్ని కేసులూ మోసే జడ్జి ఒకరకంగా ఉచితంగా పనిచేస్తున్నట్టే!

తప్పుకుంటే ఆ రోజు ఉన్న జీతమే జీవితాంతం వస్తుంది, పెరగదు. కానీ బయట ఎంతైనా సంపాదించుకోవచ్చు. న్యూయార్క్ పోలీసులు దారినపోయేవాళ్లను ఆపి సోదా చేసే తీరు రాజ్యాంగ విరుద్ధమని 2013లో తీర్పిచ్చిన షిరా షీండ్లిన్, 2016లో కోర్టు వదిలి ఆర్బిట్రేషన్ (కోర్టు బయట వివాదాలు తీర్చే పని) వైపు వెళ్లారు. మాట్లాడే స్వేచ్ఛా దొరుకుతుంది. అధ్యక్షుడు రీగన్ నియమించిన జడ్జి మార్క్ వుల్ఫ్ 2025 నవంబరులో రాజీనామా చేసింది అందుకే.

విచారణలంటే ప్రాణం పెట్టేవాళ్లకు మాత్రం సీనియర్ హోదాయే మేలంటాను. మామూలు జడ్జి మూడు నెలల్లో చేసే పని ఏడాది మొత్తంలో చేస్తే చాలు, జీతం పెంపులు కూడా అందుతాయి. వద్దనుకున్న రకం కేసులు తీసుకోకుండా ఉండొచ్చు. కాన్సాస్‌లో వెస్లీ బ్రౌన్‌ను కెనెడీ 1962లో నియమించారు. 1979లో సీనియర్ అయిన ఆయన 2012లో, 104వ ఏట, జడ్జిగానే కన్నుమూశారు. చివరి రోజుల్లో ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే బెంచి ఎక్కేవారు. ఇది ముచ్చటగానే ఉంటుంది గానీ, 'ఇక చాలు' అని చెప్పే వయోపరిమితి ఏదీ లేకపోవడం నాకైతే కాస్త భయమే.

సీనియర్ అయిన జడ్జి కుర్చీ ఖాళీ అయినట్టు లెక్క. కొత్తవారిని అధ్యక్షుడు ఎంపిక చేస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది. అసలు టెన్షన్ ఇక్కడే. సీనియర్ అవుతామని ముందే ప్రకటించిన ఒహాయో జడ్జి మార్బ్లీ, నార్త్ కరోలినా జడ్జి కాగ్‌బర్న్, 2024 ఎన్నికల్లో ట్రంప్ గెలిచాక ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. రిపబ్లికన్ సెనేటర్లు మండిపడ్డారు. చట్టం ప్రకారం తప్పేమీ లేదు. అయినా తన తర్వాత ఎవరు రావాలో చూసుకుని ఆగే జడ్జి తీర్పు ఇస్తుంటే, ఓడిన పక్షం దాన్ని రాజకీయం అనకుండా ఉంటుందా?