పోటు చూసుకుని వెళ్ళాల్సిన ఊరు: కాకినాడలో మూడు రోజులు

మాఘ పౌర్ణమి నాడు సముద్ర స్నానం చేయాలని మా పెద్దమ్మకు ఎప్పటి నుంచో కోరిక. నాకు మడ అడవి చూడాలని. మా అమ్మాయికి కాజాలు తినాలని. మూడూ ఒకే ఊళ్ళో తీరతాయి కదా అని గౌతమి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీసుకున్నాం. సికింద్రాబాద్‌లో రాత్రి ఎక్కితే తెల్లవారాక కాకినాడలో దింపింది. పెద్దమ్మ చేతిసంచిలో కళ్ళజోడు, మోకాళ్ళ నొప్పి మాత్రలు, పంచాంగం. రైలులో ఆ పంచాంగాన్ని చూసి నవ్వుకున్నాను. ఆ నవ్వు మర్నాడు సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

ముందు బస సంగతి. స్టేషనుకు దగ్గరలో ఒక లాడ్జిలో ఫోను చేసి గది మాట్లాడుకున్నాం. లిఫ్టు ఉందా అని నేను ప్రత్యేకంగా అడిగాను, ఉందన్నారు. నిజమే, ఉంది. దాని ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ అడ్డంగా వేసి ఉంది, అంతే. గది మూడో అంతస్తులో. పెద్దమ్మ మెట్లు చూసి, "మీరు పైకి వెళ్ళండమ్మా, నేను ఈ కుర్చీలో కూర్చుంటాను" అంది. ఇచ్చిన అడ్వాన్సులో సగమే తిరిగి వచ్చింది. అక్కడి నుంచి భానుగుడి జంక్షను వైపు వెళ్ళి, రోజుకు ఐదు వందలు ఎక్కువైనా ఇంకో హోటల్లో దిగాం. కిటికీ తీస్తే రోడ్డు హోరు, కానీ వేడినీళ్ళు వచ్చాయి, దుప్పట్లు ఉతికినవి, కింద టిఫిన్లు బాగున్నాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి ఒక్క మాట: లిఫ్టు ఉందా అని అడగకండి, పనిచేస్తోందా అని అడగండి.

స్నానానికి వాకలపూడి తీరానికి వెళ్ళాం. అప్పటికి తొమ్మిదవుతోంది. నీరు నిండుగా ఉంది, అలలు ఇసుక మీద చాలా పైకి వస్తున్నాయి. కాకినాడ సముద్రం చెరువులా ఉంటుందని విని వచ్చాను. అది పోర్టు ఉన్న వైపు మాట. గోదావరి తెచ్చి పోసిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ దాదాపు 16 కిలోమీటర్ల పొడవున అడ్డంగా పడుకుని అక్కడి అలలను కాస్తుంది. ఓడలు నిలబడేందుకు అనువైన రేవు ఏర్పడింది కూడా దాని చలవే. వాకలపూడికి ఆ కాపు లేదు. పెద్దమ్మను చెరొక చెయ్యి పట్టుకుని మోకాళ్ళ లోతులోనే మూడు మునకలు వేయించాం. మూడో మునకకు అల వచ్చి మా ముగ్గురినీ కూలేసింది. లేచి, ముక్కులోంచి ఉప్పునీళ్ళు కారుతుండగా, "ఇదీ స్నానమంటే" అంది పెద్దమ్మ.

మధ్యాహ్నం సుబ్బయ్య హోటల్. దాని పేరు విన్నవారికి కొత్తగా చెప్పేదేమీ లేదు, అక్కడ తిన్నవారికి అసలే లేదు. ఆకు నిండా వడ్డిస్తారు, అడిగి అడిగి వడ్డిస్తారు, మా అమ్మాయి ఎన్ని రకాలో లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేసింది. నా ఫిర్యాదు హోటల్ మీద కాదు, నా మీదే. ఆ భోజనం చేశాక చేయదగిన పని నిద్ర ఒక్కటే. మేము అడవికి బయలుదేరాం.

కోరంగి అభయారణ్యం యానాం వెళ్ళే రోడ్డు మీదే ఉంది. యానాం బస్సెక్కి దారిలో దిగినా సరిపోతుంది, కానీ పెద్దమ్మ ఉంది కాబట్టి ఆటో మాట్లాడుకున్నాం. మొదటి అతను చెప్పిన ధరలో సగానికి రెండో అతను వచ్చాడు, పైగా మేము తిరిగి వచ్చేదాకా ఆగాడు. మూడు గంటలకు లోపలికి అడుగుపెట్టాం. పడవల రేవు దగ్గరకు వెళ్తే, పడవలు ఉన్నాయి, నీరు లేదు. ఏరు మధ్యలో సన్నటి పాయ మిగిలింది, ఇటూ అటూ నల్లటి బురద. పొద్దున్న మమ్మల్ని కూలేసిన సముద్రం, ఆరు గంటల్లో ఇక్కడ ఇంత ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

పడవ నడిపే పెద్దాయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "ఇవాళ పున్నమి కదమ్మా, పోటుకు నీరు ఎక్కడమూ ఎక్కువే, పాటుకు దిగడమూ ఎక్కువే. పొద్దున్న వచ్చుంటే బాగుండేది. రేపు ముప్పావుగంట ఆలస్యంగా ఎక్కుతుంది, పదింటికల్లా వచ్చేయండి" అన్నాడు. పెద్దమ్మ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. సంచి మాత్రం ఒకసారి సర్దుకుంది.

పడవ లేకపోతేనేం అని చెక్క వంతెన మీద నడిచాం. ఇప్పుడు ఆలోచిస్తే, ఈ యాత్ర మొత్తంలో నాకు మిగిలిన గంట అదే. వంతెన మడచెట్ల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ పోతుంది, చెట్లు పైన కలుసుకుని గొడుగు పడతాయి. అసలు చూడవలసింది పైన కాదు, కాళ్ళ కింద. బురదలోంచి వేలకు వేలు పెన్సిళ్ళు నిలువుగా పొడుచుకొచ్చినట్టు వేర్లు. ఈ బురదలో గాలి ఉండదు, అందుకని మడచెట్టు తన వేర్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. పోటు వేళ వస్తే ఇవన్నీ నీటి కింద ఉండేవి, మాకు కనిపించేవే కావు. ఉప్పుపొన్న అనే మడచెట్టు ఇంకో దారి పట్టింది: కొమ్మల దగ్గర నుంచే కర్రలు దించి, వాటి మీద నిలబడింది. తిల్ల చెట్టు దగ్గర మా అమ్మాయి ఆకు తెంపబోతే ఆపాను. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

వంతెన కమ్మీల మీద వాలి చాలాసేపు కదలకుండా నిలబడ్డాం. ముందు ఏమీ లేదు. తర్వాత బురద కదిలింది. గోరంత పీతలు, ఒక్కొక్కటీ తన కన్నం ముందు నిలబడి, ఒంటికి మించిన ఒకే ఒక్క పెద్ద కొండిని పైకెత్తి దించుతోంది, పైకెత్తి దించుతోంది. ఎర్రజెండా ఊపే గేట్‌మ్యాన్ల గుంపులా ఉన్నాయి. ఆ కొండి మగపీతలకే ఉంటుంది, ఆడపీతలను పిలవడానికి ఊపుతాయి. వాటి మధ్య నుంచి వేలెడు చేప ఒకటి, నెత్తిన ఉబ్బిన కళ్ళతో, రెక్కల మీద మోచేతులు ఊనినట్టు ఊని బురదపై పాకింది. ఆగింది. ఒక్క గెంతు గెంతి వేరు మీదికెక్కింది. "చేప చెట్టెక్కింది!" అని మా అమ్మాయి గట్టిగా అరిచింది. పీతలన్నీ ఒక్క క్షణంలో మాయం. మళ్ళీ బయటకు రావడానికి అవి తీసుకున్న సమయమంతా మేము గుసగుసలాడుకుంటూ నిలబడ్డాం.

మర్నాడు తొమ్మిదిన్నరకే అక్కడున్నాం. అదే రేవు, కానీ నీరు మెట్ల దాకా వచ్చింది. ఏరు నిండుగా, చెట్లు నడుము లోతులో. నిన్నటి పెన్సిళ్ళన్నీ మునిగిపోయాయి. పడవ ప్రయాణం హాయిగా ఉంది, లైఫ్ జాకెట్లు అందరికీ ఇచ్చారు, వేయించారు కూడా. కొంగలు, లకుముకి పిట్టలు, తలపైన ఒక గరుడపక్షి. బోర్డుల మీద బొమ్మ చూసి బావురు పిల్లి కనిపిస్తుందని ఆశపడే పిల్లలకు ముందే చెప్పండి: అది ఎక్కువగా రాత్రిపూట తిరిగే జీవి, చేపలు పట్టుకుని తింటుంది, పడవ మోటారు చప్పుడుకు వచ్చి నమస్కారం పెట్టదు. నీటి కుక్కలూ ఉంటాయి, మాకు కనిపించలేదు. 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి ఇది, 1978లో అభయారణ్యమైంది. మాకు చూపించింది దాని అంచు మాత్రమే. అలా ఉండటమే మంచిది.

పడవలో కూర్చున్నప్పుడే పెద్దమ్మ తన తాతగారి సంగతి చెప్పింది. ఆయన చిన్నతనంలో "రంగం" వెళ్ళారట. రంగం అంటే రంగూన్. ఈ తీరం నుంచి ఎంతమంది వెళ్ళారంటే, బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలు అనే పేరు పడింది. ఆ పేరు ఈ ఊరిదే. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు ఇది. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన వచ్చింది, రెండోదానితో రేవుగా కోరంగి కథ ముగిసింది. ఇప్పుడు రోడ్డు మీద నుంచి చూస్తే మామూలు పల్లెటూరు. "తాతగారు ఏ రేవులో ఎక్కారో" అని పెద్దమ్మ ఒడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ఆయన కాలానికి స్టీమర్లు కాకినాడ నుంచే వెళ్ళేవని నేను చెప్పలేదు.

అక్కడి నుంచి యానాం దాకా వెళ్ళాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న ఊరు, ఇప్పటికీ పుదుచ్చేరిలో భాగం. గోదావరి ఒడ్డున గంటసేపు కూర్చోవడానికి బాగుంది. దానికోసమే ప్రత్యేకంగా వెళ్ళనక్కరలేదు. హోప్ ఐలాండ్‌కు వెళ్ళలేదు. జనవరి నుంచి మార్చి దాకా సముద్ర తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, ఆ ఇసుక వాటికి వదిలేద్దామనుకున్నాం.

ఆ తాబేలును సాయంత్రం ఉప్పాడ దారిలో చూశాం, చూడాలనుకున్న తీరులో కాదు. బీచ్ రోడ్డు పక్కన, రాళ్ళ కట్ట దిగువన, ఆలివ్ రిడ్లే ఒకటి చచ్చి పడి ఉంది. రెండడుగుల డిప్ప, మెడ పక్కకు వాలి ఉంది, కళ్ళ దగ్గర ఇసుక. ట్రాలర్ల వలల్లో చిక్కుకుని, పైకొచ్చి ఊపిరి తీసుకోవడానికి వీల్లేక చచ్చిపోతాయి. వలలోంచి తాబేలు తప్పించుకునే పరికరం ఉంది, దాన్ని బిగిస్తే కొంత పట్టు జారిపోతుందని వాడటానికి వెనుకాడేవారూ ఉన్నారు. మా అమ్మాయి డిప్పను ముట్టుకుంటానంది, వద్దన్నాను. పెద్దమ్మ దూరం నుంచే చేతులు జోడించింది. ఆ రోడ్డు కూడా ఎన్నిసార్లు సముద్రం కోసిందో, ఎన్నిసార్లు మళ్ళీ రాళ్ళు పోశారో. తుపాను రోజుల్లో అటు వెళ్ళకండి.

ఉప్పాడలో జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణాల్లో కూర్చుంటే అన్నీ జాందానీలే అంటారు. మేము ఒక నేతగాడి ఇంట్లో మగ్గం చూశాం. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ప్రతి పువ్వుకూ విడిగా దారం చేత్తో అల్లుతున్నారు. "తిరగేసి చూడండమ్మా" అన్నాడాయన. వెనక్కి తిప్పితే అటూ పువ్వే, ఇటూ పువ్వే, వేలాడే దారాలు లేవు. దుకాణంలో చూపించిన చీరను ఆ తర్వాత తిరగేసి చూశాను. దారాలు గడ్డిలా ఉన్నాయి. మడిచి ఇచ్చేశాను. మగ్గం మీద చీర మా బడ్జెట్‌కు అందనిది, అయినా దాని ధర ఎక్కువని మాత్రం అనను.

మూడో రోజు సామర్లకోట, పంచారామాల్లో ఒకటి. చాళుక్య భీముడు కట్టించిన భీమేశ్వరాలయం రెండంతస్తులు. లింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తులోకి లేస్తుంది, అభిషేకం మేడ మీద. మెట్లు నిటారుగా ఉన్నాయి. పెద్దమ్మ కింద నుంచే దండం పెట్టుకుని, "కింద ఉన్నదీ ఆయనే కదా" అంది. మండపంలో గాలి చల్లగా వచ్చింది, జనం తక్కువ, ఎవరూ దక్షిణ కోసం వెంటపడలేదు. రైలు కూడా సామర్లకోట నుంచే ఎక్కితే మళ్ళీ కాకినాడ వెళ్ళే పని తప్పుతుంది. మెయిన్ లైను కాబట్టి రైళ్ళూ ఎక్కువ.

కాజాల మాట మరిచిపోలేదు. కాకినాడవి గొట్టం కాజాలు, తాపేశ్వరానివి మడత కాజాలు. గొట్టం కాజాను కొరికితే లోపలి పాకం గడ్డం మీదకు కారుతుంది, అందుకే దాన్ని ప్రయాణంలో తినకూడదు. మా అమ్మాయి సామర్లకోట ప్లాట్‌ఫారం మీదే పెట్టె విప్పింది. పాకం కారి పెద్దమ్మ సంచిలోకి, పంచాంగం మీదికి.

పెద్దమ్మ దాన్ని తీసి, అతుక్కున్న పేజీలను ఒక్కొక్కటే విడదీసింది. "పోనీలే, ఉగాదికి కొత్తది వస్తుందిగా. వచ్చే పుష్యమాసం అమావాస్యకు చొల్లంగి వద్దాం, ఏడు చోట్ల సముద్ర స్నానాలు చేసే సప్తసాగర యాత్ర అక్కడే మొదలు. ఏ వారం పడుతుందో చూసి చెబుతాను, నువ్వు సెలవు పెట్టు" అంది.

"ఆ రోజు పోటు ఎన్నింటికి?" అని అడిగాను.

"అమావాస్య అన్నాను కదే. పున్నమికి ఎప్పుడో, అప్పుడే."