ఇటలీలో భోజనం తర్వాత చేదు: మందు లేకుండా మేం తాగినవి

ఇటలీలో రాత్రి భోజనం చివర, కాఫీ కూడా అయ్యాక, చిన్న గ్లాసులో ముదురు రంగు ద్రవం ఒకటి తెచ్చి పెడతారు. దాని పేరు అమారో. ఆ మాటకు అర్థమే చేదు. వేళ్లు, బెరళ్లు, నారింజ తొక్కలు, ఆకులు ఆల్కహాల్‌లో నానబెట్టి, పంచదార కలిపి చేస్తారు. మిలాన్‌లో పుట్టిన ఫెర్నెట్ బ్రాంకాలో 39 శాతం ఆల్కహాల్ ఉంటుంది, సిసిలీ వాళ్ల అవెర్నాలో 29, బొలోన్యా వాళ్ల మోంటెనెగ్రోలో 23. మా ఇంట్లో మందు ముట్టేవాళ్లు లేరు. కానీ మామయ్య గారికి రాత్రి తిన్నాక ఏదో ఒక కషాయం పడాల్సిందే. వాము, శొంఠి, జీలకర్ర, ఏదైనా సరే. అక్టోబరులో ఆయన, మా ఆయన, నేను పది రోజులు తిరిగాం. ఊళ్లు చూశాం, బాగున్నాయి. నేను రాయాలనుకున్నది మాత్రం ఈ చివరి గ్లాసు గురించి, ఎందుకంటే వెళ్లే ముందు ఎంత వెతికినా దీని మీద తెలుగులో నాకు ఏమీ దొరకలేదు.

మొదటి రాత్రే మిలాన్‌లో దెబ్బ తగిలింది. నవీల్యి కాలువల దగ్గర ఒక చిన్న రెస్టారెంట్. భోజనం బాగుంది, మనిషి కూడా మర్యాదస్తుడే. బిల్లు ఇచ్చేటప్పుడు "మా తరఫున" అంటూ మూడు గ్లాసులు పెట్టాడు. ఆల్కహాల్ ఉందా అని అడిగితే "సోలో ఎర్బే", అంటే మూలికలే అన్నాడు. మామయ్య గారు గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకెళ్లి ఆగిపోయారు. "అమ్మాయ్, ఇది స్పిరిట్ వాసన వేస్తోంది, సీసా చూపించమను" అన్నారు. సీసా మీద 30 శాతం అని రాసి ఉంది. అతను మోసం చేశాడని అనను, అక్కడి వాళ్లకి అమారో అంటే జీర్ణానికి వేసుకునే ఔషధం లాంటిదే. కానీ మనకి అది మామూలు విషయం కాదు. యూరప్‌లో 1.2 శాతం దాటితే ఆల్కహాల్ ఎంతో సీసా మీద రాసి తీరాలి, కాబట్టి మాట నమ్మకండి, సీసా అడగండి. అడగాల్సిన మాట "అనాల్కోలికో", అంటే మందు లేనిది. ఇంకొకటి, "కఫే కొరెత్తో" అంటే గ్రాప్పా లాంటి ఘాటు మందు కలిపిన కాఫీ, పేరు విని మామూలు కాఫీ అనుకోవద్దు.

మర్నాడు బారులో మందు లేని చేదు ఏదైనా ఉందా అని అడిగితే క్రోదీనో ఇచ్చారు. పీడ్‌మాంట్ కొండల్లోని క్రోదో ఊరి పేరు మీద 1960ల నుంచి వస్తున్న నారింజ రంగు డ్రింక్, చిన్న సీసా. సాన్ బిట్టేర్ ఎర్రగా ఉంటుంది, దాదాపు అదే బాపతు. రెండూ మందు లేనివే, రెండింటిలో చేదు నిజంగానే ఉంది. అయితే ఇవి భోజనానికి ముందు, సాయంత్రం చిప్స్, ఆలివ్‌లతో తాగేవి. తిన్నాక తాగితే తీపి ముందుకొస్తుంది, గ్యాస్ వల్ల కడుపు ఇంకా బరువెక్కుతుంది. నాకైతే సాయంత్రం పూట క్రోదీనో చాలా నచ్చింది. రాత్రికి పనికిరాదు.

మిలాన్‌లోనే ఒక ఎర్బొరిస్తెరియాకి వెళ్లాం. ఎండిన మూలికలు అమ్మే కొట్టు, ఇటలీలో చాలా ఊళ్లలో కనిపిస్తుంది. జెంజియానా వేరు అడిగాం, చాలా అమారోల్లో చేదుకి మూలం ఇదే. కొట్టావిడ కాగితం మీద పోసి చూపించింది: గోధుమ రంగు చెక్క ముక్కలు, విరిస్తే లోపల పసుపు. చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుంటే ముందు తీపిలా అనిపించి, తర్వాత నేలవేము గుర్తొచ్చేంత చేదు, పావుగంట పోలేదు. ఇవ్వడానికి ముందు ఆవిడ అల్సర్, గ్యాస్ట్రిక్ ట్రబుల్ ఏమైనా ఉన్నాయా అని అడిగింది. ఉంటే ఇవ్వదట. ఆ ఒక్క ప్రశ్నకే ఆ కొట్టు మీద నాకు గౌరవం కలిగింది.

బొలోన్యాకి ఫాస్ట్ ట్రైన్‌లో గంట చిల్లర. స్టేషన్‌కి పది నిమిషాల నడకలో ఒక పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాం. గది చిన్నది, మంచాలు గట్టివి, లిఫ్ట్ లేదు, మూడో అంతస్తు. మామయ్య గారి మోకాళ్లకి అది కష్టమే. అయినా మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చిన బస ఇదే. రాత్రి వెన్న, సేజ్ ఆకులతో రికోత్తా జున్ను కూరిన తొర్తెల్లోని పాస్తా తిని ఆయాసపడుతూ మెట్లెక్కాం. మామయ్య గారి ముఖం చూసి ఇంటావిడ నిమ్మకాయ తీసింది.

కనరీనో, అంటే వేడి నిమ్మతొక్క నీళ్లు, ఎలా చేస్తారో అప్పుడే చూశాను. నిమ్మతొక్కని చాకుతో పలచగా, పొడుగ్గా గీసింది. తెల్లభాగం తగిలినచోట చాకు మొనతో మళ్లీ గోకి పారేసింది, అది వస్తే నీళ్లు వెగటుగా అవుతాయట. మూడు పట్టీలు కప్పులో వేసి, తెర్లుతున్న నీళ్లు పోసి, సాసర్ మూతపెట్టింది. ఐదు నిమిషాలకి మూత తీస్తే పైన నూనె చుక్కలు సన్నగా మెరుస్తున్నాయి, నీళ్లు లేత పసుపు. ఆ రంగు వల్లే కనరీ పిట్ట పేరు వచ్చింది. రసం పిండరు, పంచదార ఇష్టమైతేనే. రెండో రాత్రి అందులో లౌరెల్ ఆకు కూడా వేసింది. మన బిర్యానీ ఆకు అనుకోవద్దు, ఆ చెట్టు వేరు, వాసన వేరు. మామయ్య గారు ఒక గుక్క తాగి "మా అమ్మ దబ్బతొక్కతో చేసేది ఇలాగే" అన్నారు. తర్వాత కప్పు ఖాళీ అయ్యేదాకా మాట్లాడలేదు.

బొలోన్యా బారుల్లో ఓర్జో కూడా దొరుకుతుంది. వేయించిన బార్లీతో చేసే కాఫీ లాంటిది, చిన్న కప్పు, పెద్ద కప్పు అని అడుగుతారు. మాడిన గింజ చేదు ఉంటుంది, కెఫీన్ ఉండదు, నిద్ర చెడదు. 

అక్కణ్ణుంచి సవోనా. క్రూయిజ్ ఓడలు ఆగే రేవు ఊరు కాబట్టి చాలామంది దిగి వెళ్లిపోతారు. మేం కినొత్తో కోసం రెండు రాత్రులు ఉన్నాం. కినొత్తో అంటే చిన్న చేదు నారింజ, ఆకులు మర్టిల్ ఆకుల్లా చిన్నగా ఉంటాయి, కొమ్మలకి ముళ్లుండవు. చైనా నుంచి ఒక నావికుడు తెచ్చాడని ఊళ్లో చెప్పుకుంటారు. సవోనా కినొత్తోని కాపాడటానికి స్థానిక ఆహారాల్ని కాపాడే స్లో ఫుడ్ అనే సంస్థ వాళ్లు ప్రత్యేకంగా పూనుకున్నారు. ఈ కాయతోనే నల్లటి సోడా చేస్తారు. చూస్తే కోలా, తాగితే నారింజ తొక్క, చివర్లో నాలుక వెనక నిలిచే చేదు. అమారోకి దగ్గరగా వచ్చేది నా మట్టుకు ఇదొక్కటే. ఐస్ లేకుండా, చిన్న గ్లాసులో సగం, నారింజ తొక్క పిండుకుని నిదానంగా తాగాలి. పంచదార ఎక్కువ కాబట్టి మామయ్య గారికి రెండు గుక్కలే ఇచ్చాం.

సవోనా బసకి మార్కులు తక్కువే. సముద్రం కనిపిస్తుందన్నారు, కిటికీలోంచి గోడ కనిపించింది. చెప్పుకుంటే రెండో రోజు గది మార్చారు గానీ క్షమాపణ మాట రాలేదు. ఊరు మాత్రం ఆ బాధ మరిపించింది. ప్రియమార్ కోట మీద నిలబడితే సముద్రం మొత్తం కనిపిస్తుంది. శనగపిండితో పెద్ద రాగి పళ్లెంలో కాల్చే ఫరినాతా తింటే శాకాహారికి అన్నం తిన్నంత తృప్తి.

తిరుగు ప్రయాణంలో మళ్లీ మిలాన్, ఈసారి వేరే రెస్టారెంట్. మెనూలో కనరీనో లేదు, ఏ మెనూలోనూ కనపడలేదు. అయినా అడిగాను. వెయిటర్ జుట్టు నెరిసినవాడు, సరే అన్నట్టు తలూపి వంటింట్లోకి వెళ్లాడు. మూడు కప్పులు, మూడు సాసర్ మూతలు. బిల్లులో కొపెర్తో, అంటే బల్ల దగ్గర కూర్చున్నందుకు మనిషికింత అని వేసే రుసుము, వేశారు గానీ, వాటికి ఏమీ వేయలేదు.