టోపో షీటు ఫ్లెక్సీ: ఏటిగట్టు గుర్తు కోసమే ఇంకా వాడుతున్నాను

సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 టోపో షీటుని (ఊళ్లు, ఏళ్లు, రోడ్లు, గట్లు గుర్తులతో వివరంగా చూపే పటం) పెద్ద ఫ్లెక్సీగా వేయించి, ఆరు, ఏడు తరగతుల పిల్లలకు పటంలో గుర్తులు చెప్పడానికి చాలాకాలంగా వాడుతున్నాను. మాది గోదావరి పాయ గౌతమి ఒడ్డున, కోనసీమ వైపు ఊరు. షీటంటే ఏమిటో సోషల్ టీచర్లకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లు నీలం, సాగుభూమి పసుపు, చెట్లు ఆకుపచ్చ, ఇళ్లూ రోడ్లూ ఎరుపు అన్నది పాఠంలోనే ఉంది. నేను రాయాలనుకున్నది ఒక్క గుర్తు గురించి. అది ఏటిగట్టు గుర్తు.

పటం అంచున ఏ గుర్తుకి ఏ అర్థమో చెప్పే సూచికలో చూస్తే అదేమంత గొప్పగా కనపడదు. ఒక గీత, దాని అంచున దువ్వెన పళ్లలా సన్నని చిన్న గీతలు. గుడి, మసీదు, చర్చి, పోస్టాఫీసు లాంటి వాటి మధ్య దాన్ని ఎవరూ పట్టించుకోరు. జతపరచండి ప్రశ్నల్లోనూ పెద్దగా రాదు. పిల్లలు సూచికను పరీక్షకు బట్టీ పట్టడం, రాసేయడం, మర్చిపోవడం ఏళ్ల తరబడి చూశాను. నాకు ఆ బాధ ఉండేది. ఎందుకంటే గుర్తు తెలిసినంత మాత్రాన పటం చదవడం వచ్చినట్టు కాదు. రెండు గుర్తుల్ని కలిపి ఒక విషయం పట్టుకున్నప్పుడే వచ్చినట్టు.

ఒకరోజు ఫ్లెక్సీని గోడకి కట్టకుండా వరండాలో నేలమీద పరిచాను. పైభాగం సరిగ్గా ఉత్తరానికి ఉండేలా తిప్పాం. అప్పుడు పటంలో గౌతమి ఏ పక్కనుందో, బడి బయట అసలు గౌతమీ ఆ పక్కనే ఉంది. పిల్లలు చుట్టూ కూర్చున్నారు. గట్టు గుర్తు సూచికలో చూపించి, దాన్ని పటంలో వేలితో పట్టుకుని వెళ్లమన్నాను. అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఏడో తరగతి పిల్ల ఒకతి వంగి, గట్టు వెంట వేలు జరుపుతూ చాలాదూరం పోయి ఆగింది. "మేడమ్, ఎర్రచుక్కలు గట్టుకి ఇటూ ఉన్నాయండి, అటూ ఉన్నాయండి" అంది. ఉంటే ఏమిటన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏటివైపు ఉన్న చుక్కల మీద ఒక్కొక్కటిగా వేలుపెట్టి, "ఇయ్యన్నీ వరదొస్తే మునిగిపోతాయండి. మా అమ్మమ్మగారిల్లు ఇక్కడండి" అంది.

ఎరుపు అంటే ఇళ్లు, పళ్లున్న గీత అంటే గట్టు, నీలం అంటే ఏరు. ఆ మూడూ కలిపి లంక, అంటే గట్టు లోపల ఏటివైపు ఉండే నేల, ఎక్కడుందో ఆ పిల్ల తనంతట తనే చదివేసింది. లంక అనే మాట నా నోటివెంట రాలేదు. 2022 జూలై వరదకి లంకల నుంచి వచ్చినవాళ్లు మా బడి గదుల్లోనే తలదాచుకున్నారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని ఇక్కడి పిల్లలు కూడా గడగడా చెప్తారు. ఆ అంకెలు టీవీలో విన్నవి. ఆ అంకెలు ఏ ఇంటికి ఏం చేస్తాయో వాళ్లు పటం మీద చూసింది మాత్రం ఆ రోజే. మిగతావాళ్లు కూడా పోటీపడి గట్టు లోపలి ఊళ్ల పేర్లు చదివారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకంత సంతోషం ఇచ్చిన క్లాసులు బహు తక్కువ.

ఆ ఊపులో తెలిసిన టీచర్లందరికీ ఈ ఫ్లెక్సీ ఒక్కటుంటే చాలని చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంచెం తగ్గించి చెప్తాను.

ఆ పిల్ల ఇంటికెళ్లి వాళ్ల తాతయ్యకి చెప్తే, ఆయన మర్నాడు బడికి వచ్చారు. పటం చూసి, ఈ చివరనున్న ఇళ్లు ఇప్పుడు లేవండి, ఏరు కోసేసింది, మేమంతా ఇటు జరిగాం అని వేలితో చూపించారు. సర్వే చేసిన ఏడాది షీటు అంచున రాసే ఉంటుంది. గుర్తు ఎంత నిజమైనా అది ఆ ఏడాదికే నిజం. షీటు మీద ఇంకా తూర్పు గోదావరి జిల్లానే ఉంది, కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చింది కదా. పసుపు రంగుదీ అదే గొడవ. వరి అనుకుని చూపించిన చోట ఇవాళ రొయ్యల చెరువులున్నాయి. చెరువుల మీద బతికే ఇంటి పిల్లలకు అది వరిచేను అని చెప్పడం నాకు కష్టంగా ఉంటుంది. అందుకే పటంలో ఎక్కడ మారిందో వాళ్లచేతే స్కెచ్‌పెన్నుతో గీయిస్తున్నాను.

ఇంతకంటే పెద్ద లోటు ఎత్తులది. ఈ షీట్లలో గోధుమరంగు సమోన్నత రేఖలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, 20 మీటర్ల ఎత్తుకొకటి వస్తాయి. మన డెల్టాలో సముద్రానికి అంత ఎత్తుండే నేల ఎక్కడ? మా షీటంతా వెతికినా గోధుమరంగు గీత ఒక్కటి కనపడలేదు. లంకలో ఏ పక్క మెరక, ఏ పక్క పల్లం అన్నది వరదరోజుల్లో అన్నిటికన్నా ముఖ్యం. అది ఈ పటం చెప్పదు. అక్కడక్కడ చుక్కపక్కన ఎత్తు అంకె, కాలవల దగ్గర బెంచ్‌మార్కు (ఎత్తు కొలిచి గుర్తు పెట్టిన చోటు) ఉంటాయి, అంతే. సమోన్నత రేఖల పాఠానికి కొండలుండే పాడేరు వైపు షీటు విడిగా వేయించుకోవాల్సి వచ్చింది.

ఒక చిన్న విషయం మీద మా పిల్లలకు గట్టి ఫిర్యాదుంది. సూచికలో తాటిచెట్టుకి సొంత గుర్తుంది, కొబ్బరి మాత్రం 'ఇతర' కింద పోయింది. కోనసీమ పిల్లలు దీన్ని ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. టెలిగ్రాఫ్ ఆఫీసు గుర్తు కూడా అలాగే ఉండిపోయింది. 2013లోనే టెలిగ్రాం ఆపేశారు, అదేమిటో చెప్పడానికి అరగంట పట్టింది.

వేయించుకునేవాళ్లకు రెండు జాగ్రత్తలు. మొదటిసారి ఫ్లెక్సీ షాపులో, అంచులు ఖాళీగా ఉన్నాయని నాలుగువైపులా కత్తిరించి ఇచ్చారు. సూచిక ఉండేది ఆ అంచులోనే! డబ్బులు మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ముందే గట్టిగా చెప్పండి. రెండోది, పెద్దది చేసి వేయించాక దానిమీద 1:50,000 అని ఉన్నా ఆ లెక్క పనికిరాదు. అసలు షీటులో 2 సెంటీమీటర్లంటే ఒక కిలోమీటరు, రెట్టింపు చేస్తే 4 అవుతుంది. కింద గీసిన స్కేలు గీత మాత్రం పటంతోపాటే పెరుగుతుంది కాబట్టి దారంతో దాన్నే కొలిపించండి. సూచికలో అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, మేం పక్కన తెలుగు కాగితం అంటించాం. రంగులు ఎండకి కొంచెం వెలిశాయి, నీలం ఆకుపచ్చ దగ్గరదగ్గరగా కనపడుతున్నాయి.

వేయించుకోమంటానా అంటే, మీ బడి ఎక్కడుందో చూసి చెప్పాలి. ఏటిగట్టు పక్కన, లంక పిల్లలు చదివే బడైతే వెంటనే వేయించండి. గట్టుకి దూరంగా, అమలాపురం లాంటి పట్నంలో ఉన్న బడికి ఇంత పని చేస్తుందా అన్నది నేను చెప్పలేను, నేనక్కడ పాఠం చెప్పలేదు. ఐదో తరగతి లోపు పిల్లలకైతే ఇది ఇవ్వను. వాళ్లు ముందు బడి ఆవరణ పటం గీసి, బోరింగుకీ వేపచెట్టుకీ గేటుకీ సొంత గుర్తులు పెట్టుకోవాలి. అది వచ్చాక ఈ షీటు వాళ్ల ముందు పరవొచ్చు.