అనుభవ రచన వర్క్‌షీట్లు: ఏ పేజీ వాడాలి, ఏది వదిలేయాలి

ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల చేత తమకు జరిగిన సంగతులు రాయించడానికి దొరికే వర్క్‌షీట్ల కట్టలన్నిటిలోనూ ఇంచుమించు ఒకే సరుకు ఉంటుంది: అంశాల జాబితా, మూడు గళ్ల బొమ్మల పేజీ, జ్ఞానేంద్రియాల పేజీ, సగం రాసిచ్చిన వాక్యాలు, చివర సరిచూసుకునే పట్టీ. వీటిలో నిజంగా పని చేసేది బొమ్మల పేజీ. మిగతావాటిని సరిదిద్దుకుంటే తప్ప వాడలేం.

బొమ్మల పేజీలో 'మొదట, తర్వాత, చివరికి' అని మూడు గళ్లు. అయిదు నిమిషాలు పెన్సిల్‌తో గీతల బొమ్మలు గీయనివ్వాలి. రంగులు మాత్రం ఇవ్వకూడదు, ఇస్తే పీరియడంతా రంగులకే సరి. తర్వాత ఒక్కో గడి మీద వేలు పెట్టి పక్కవాళ్లకు రెండుసార్లు చెప్పాలి. రెండోసారి చెప్పేటప్పుడు మొదట మరిచిపోయినవి వచ్చి చేరతాయి. పెన్సిల్ మళ్లీ పట్టేది ఆ తర్వాతే. చెప్పించకుండా రాయమంటే మూడు గళ్లకు మూడు వాక్యాలు రాసి ఊరుకుంటారు.

లోపమల్లా గళ్లన్నీ ఒకే కొలతలో ఉండటం. పన్ను ఊడిన సంగతిలో పొద్దున్నే లేవడానికీ, పన్ను చేతిలోకి రావడానికీ సమానమైన చోటు దొరుకుతుంది. నడిమి గడిని అడ్డగీతలతో మూడు చేయండి: ఏం చేశాను, ఎవరేమన్నారు, లోపల ఏమనుకున్నాను.

అంశాల జాబితాలో 'నా సెలవులు', 'నా పుట్టినరోజు' లాంటివి కొట్టేయాలి. వాటికి వచ్చేది రోజంతా ఏం చేశారన్న చిట్టా. 'సైకిల్ వెనక పట్టుకున్న చెయ్యి వదిలేసిన క్షణం' అంత చిన్నదైతే వివరాలు అవే వస్తాయి. జ్ఞానేంద్రియాల పేజీలో అయిదూ నింపమంటే లేని వాసనలు పుట్టిస్తారు. గుర్తున్న రెండు చాలు.

అన్నిటికన్నా నాసిరకం సగం రాసిచ్చిన వాక్యాలు. 'నాకు బాగా గుర్తున్న రోజు...' అని తరగతంతా ఒకేలా మొదలుపెడుతుంది. తెలుగులో పిల్లలు తడబడేది మొదట్లో కాదు, క్రియ దగ్గర. 'వెళ్లాను' అని రాస్తూ రాస్తూ 'ఆడుకుంటాను'లోకి జారతారు, 'నేను' అని మొదలెట్టి 'వచ్చాం' అని ముగిస్తారు. ఇంకొందరు 'లేచి, స్నానం చేసి, బట్టలేసుకుని, వెళ్లి...' అంటూ పేజీ చివరిదాకా చుక్క పెట్టరు. కాబట్టి ఖాళీని వాక్యం చివర ఉంచాలి: 'నేను మెట్ల మీంచి జారి ____.' 'లేచి', 'చేసి' లాంటివి ఒక వాక్యంలో రెండు దాటితే చుక్క పెట్టాలన్న నియమం చాలామందిని దారిలో పెడుతుంది.

సరిచూసుకునే పట్టీలో పదేసి ప్రశ్నలుంటే చదవకుండానే టిక్కులు పెట్టేస్తారు. రెండే ఉంచండి: క్రియలన్నీ జరిగిపోయినట్టు ఉన్నాయా? ఎవరైనా అన్న మాట ఒక్కటైనా ఉందా? పైకి చదువుతూ సరిచూడాలి, మనసులో చదివితే తప్పులు కంటికి ఆనవు.

కాగితం సంగతి: నాలుగు గీతలే ఉంటే నాలుగో గీత దగ్గర కథ ఆగిపోతుంది. వెడల్పు గీతల విడి కాగితాలు పక్కన ఉంచాలి. ఇక 'నేను ఏడ్చిన రోజు' లాంటి పేజీలుంటే వాటిని ఎవరికీ తప్పనిసరి చేయొద్దు. రాసినవాళ్లను అడగకుండా గోడకు అంటించనూ వద్దు.